లాగ్‌క్యాట్ నోరు మూయొద్దు, గొంతు తగ్గిస్తే చాలు

యాప్ ఎందుకు క్రాష్ అవుతుందో చూద్దామని ఏడీబీ లాగ్‌క్యాట్ కొడితే లైన్లు వరదలా జారిపోతాయి. విసుగొచ్చి చాలామంది కమాండ్ చివర స్టార్, కోలన్, ‘ఈ’ తగిలించేస్తారు. ఇక ఎర్రర్లు, అంతకన్నా పెద్దవే కనిపిస్తాయి. నాకిది నచ్చదు. క్రాష్ ఎక్కడైందో ఎర్రర్ చెప్తుంది. ఎందుకైందో చాలాసార్లు దానికి నాలుగు లైన్ల పైనున్న వార్నింగ్ చెప్తుంది. అందుకే ‘ఈ’ బదులు ‘డబ్ల్యూ’ పెట్టండి. అసలు డీఫాల్టే అలా ఉండాల్సింది.

సిరిసిల్ల మరమగ్గాల మోతలో కూడా ఒక్క మగ్గం తేడాగా కొట్టుకుంటే నేతన్న చెవి పట్టేస్తుంది. లాగ్ విషయంలో మనకంత చెవి లేదు, ఫిల్టర్ కావాల్సిందే. కానీ ఫిల్టర్ చూపించేదాన్నే తగ్గిస్తుంది. ఫోన్ బఫర్‌లో అన్నీ పడుతూనే ఉంటాయి, నిండాక పాతవి చెరిగిపోతాయి. కాబట్టి క్రాష్ కాగానే మైనస్ ‘డీ’తో లాగ్ మొత్తం ఫైల్‌లోకి దించుకోండి, వడకట్టడం తర్వాత. గ్రూపుల్లో పెట్టేముందు మాత్రం ఒకసారి చదవండి, మీ సొంత వివరాలూ అందులో ఉండొచ్చు.

జగిత్యాలలోనో కోరుట్లలోనో రిపేర్ షాపులో ‘బోర్డు పోయింది’ అనిపించుకుని డబ్బులు కట్టేముందు ఈ పది నిమిషాలు పెట్టండి. తప్పు ఒక్క యాప్‌దే అయితే అన్‌ఇన్‌స్టాల్‌తో పోతుంది.