సర్పి: మొదటి మూడు రోజులే కీలకం

నడుముకు ఒకవైపు మంట. బెణికిందేమో అనుకుని తాతయ్య నొప్పి మాత్ర వేసుకున్నారు. మూడో రోజుకు అక్కడే చర్మం ఎర్రగా కంది, గుత్తులు గుత్తులుగా నీటిపొక్కులు లేచాయి. చూసినవాళ్లు 'సర్పి' అన్నారు. ఒకరు ఆకుపసరు పూయమన్నారు. ఒకరు మంత్రం వేయించమన్నారు. 'నడుం చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే ప్రాణానికే ముప్పు' అని మరొకరు భయపెట్టారు. ఇవన్నీ అయ్యి డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి వారం దాటింది. పొక్కులు మానాయి గానీ నొప్పి నెలల తరబడి వదల్లేదు. చొక్కా తగిలినా విలవిల్లాడే పరిస్థితి. ఇలాంటి తాతయ్యలు, బామ్మలు చాలా ఇళ్లలో కనిపిస్తారు.

పాము కాదు, పాత శత్రువే

సర్పినే వైద్యులు హెర్పిస్ జోస్టర్ అంటారు. దీనికి కారణం చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిపెట్టిన వైరస్సే. ఆటలమ్మ తగ్గినా అది ఒంట్లోంచి పోదు. వెన్నుపాము పక్కనుండే నాడీకణాల్లో ఏళ్ల తరబడి నిద్రపోతుంది. వయసు మీదపడినా, మధుమేహం, క్యాన్సర్, హెచ్ఐవీ వంటి వాటితో రోగనిరోధక శక్తి తగ్గినా, స్టిరాయిడ్లు వాడుతున్నా మళ్లీ నిద్రలేవచ్చు. ఏదో ఒక నాడి వెంట చర్మం మీదికి వస్తుంది. ఆ నాడి శరీరానికి ఒకవైపే ఉంటుంది కాబట్టి పొక్కులూ సాధారణంగా ఒకవైపే, పట్టీలా వస్తాయి. తలా తోకా కలవడమన్నది ఉత్త భయం. అయితే పొక్కులు ఒళ్లంతా పాకితే మాత్రం రోగనిరోధక శక్తి బాగా తగ్గిందేమోనని అనుమానించి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

72 గంటల్లోపు...

ఎసైక్లోవిర్, వాలాసైక్లోవిర్ వంటి మందులు ఈ వైరస్ పెరగకుండా అడ్డుకుంటాయి. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు మొదలుపెడితే వీటి ఫలితం బాగుంటుంది. సాధారణంగా వారం రోజులు వాడాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మోతాదు మారుతుంది కనుక సొంతంగా కొని వేసుకోకూడదు. మూడు రోజులు దాటినా వెళ్లి చూపించుకోవాల్సిందే. కొత్త పొక్కులు ఇంకా వస్తుంటే అప్పుడూ మందు ఇస్తారు.

నుదురు, కంటిరెప్ప, ముక్కు కొన మీద పొక్కులొస్తే అదేరోజు కంటి వైద్యుడికి చూపించాలి. ఆలస్యమైతే చూపే దెబ్బతినొచ్చు. చెవిలో పొక్కులొచ్చి మూతి వంకరపోయినా అత్యవసరమే.

ఇంట్లో ఏం చేయాలి?

స్నానం మానక్కర్లేదు. పొక్కులను శుభ్రంగా, పొడిగా ఉంచుకుని వదులైన నూలు బట్టలు వేసుకోవాలి. గిల్లకూడదు. పసర్లు, పేస్టులు పూస్తే చీము పట్టే ప్రమాదముంది. తడి గుడ్డతో చల్లగా అద్దితే మంటకు కాస్త ఉపశమనం. ప్రత్యేకించి పథ్యమేమీ లేదు.

సర్పి ఒకరి నుంచి ఒకరికి అంటదు. కానీ పొక్కుల్లోని రసి తగిలితే, అంతకుముందు ఆటలమ్మ రానివారికి ఆటలమ్మ రావొచ్చు. అందుకే పొక్కులు పక్కుకట్టేదాకా వాటిని కప్పి ఉంచాలి. పసిపిల్లలకు, ఆటలమ్మ రాని గర్భిణులకు దూరంగా ఉండాలి.

మానినా మిగిలే నొప్పి

పొక్కులు రెండు నుంచి నాలుగు వారాల్లో మానిపోతాయి. ఆ తర్వాత కూడా మూడు నెలలు దాటి నొప్పి ఉంటే అది దెబ్బతిన్న నాడుల నొప్పి. పెద్ద వయసువారిలో ఎక్కువ. దీనికి మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ వంటివి డాక్టర్లు రాస్తారు. 'పైకేమీ కనిపించడం లేదుగా' అని ఇంట్లోవాళ్లు ఆ బాధను కొట్టిపారేయకూడదు.

రాకుండా టీకా ఉంది. 50 ఏళ్లు దాటినవారి కోసం షింగ్రిక్స్ 2023లో మన దేశంలోకి వచ్చింది. రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు మోతాదులు వేయించుకోవాలి. ఖరీదు ఎక్కువే. వేయించుకోవాలా వద్దా అన్నది డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవచ్చు. టీకా మాట ఎలా ఉన్నా, ఒంటికి ఒకవైపు మంటతో పొక్కులు కనిపిస్తే మంత్రం కోసం తిరగకుండా ఆరోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.