ఆటస్థలంలో అమ్మాయిల వాటా

తొక్కుడుబిళ్ల, ఒప్పులకుప్ప, ఖోఖో ఆడకుండా పెరిగే ఆడపిల్లలు మన పల్లెల్లో అరుదు. పెద్దమనిషి అయిన రోజు నుంచి ఆ ఆటలు ఒక్కొక్కటే ఆమెకు దూరమవుతాయి. పరుగెత్తడం, గట్టిగా అరవడం, చెమట పట్టేలా ఆడటం ఆడపిల్ల లక్షణాలు కావని అందరూ చెబుతారు. కాలేజీలో చేరేనాటికి ఎవరూ గుర్తుచేయనవసరం లేనంతగా ఆ నిషేధం అలవాటైపోతుంది. "అమ్మాయిలకు ఆటల మీద ఆసక్తి లేదండీ" అని అధ్యాపకులు చెప్పే మాటను ఈ నేపథ్యంలో పరిశీలించాలి.

అనకాపల్లినే తీసుకుందాం. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రమైన ఈ బెల్లం మార్కెట్ పట్టణానికి చోడవరం, మాడుగుల, మునగపాక వైపు పల్లెల నుంచి విద్యార్థినులు బస్సుల్లో, ఆటోల్లో వచ్చి చదువుకుంటారు. పట్టణంలో ఎన్టీఆర్ స్టేడియం ఉంది. మరి ఆటలకు కేటాయించే సమయం ఏది? తెల్లవారుజాము, లేదా తరగతులు ముగిశాక సాయంత్రం. పొద్దున్నే ఆమె నీళ్లు పట్టాలి, వంటలో తల్లికి సాయపడాలి. సాయంత్రం బస్సు తప్పితే చీకటి పడుతుంది. చీకటి పడితే ఇంట్లో ప్రశ్నలు, ఆపై చదువు మానిపిస్తామన్న బెదిరింపు. సరిగ్గా ఆ వేళకే అబ్బాయిలు వికెట్లు పాతుతారు. మైదానం గేటుకు 'స్త్రీలకు ప్రవేశం లేదు' అని ఎవరూ బోర్డు పెట్టలేదు. ఆ పని టైంటేబులే చేస్తోంది.

తీరిక అందరికీ సమానంగా దొరికేది కాదు. 2019లో జరిగిన జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు ఆ పనికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అదే పని చేసే పురుషులు వెచ్చించేది 97 నిమిషాలు. రాష్ట్రంలో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం బస్సు ఛార్జీ భారం తగ్గించింది. దాన్ని మనం ఆహ్వానించాలి. కానీ ఉచిత టిక్కెట్టు ఆడుకోవడానికి ఒక గంటను ఇవ్వలేదు.

క్రీడల ప్రసక్తి వస్తే చాలు, వేదికల మీద కరణం మల్లీశ్వరి పేరు చెబుతారు. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస ప్రాంతం నుంచి వచ్చిన ఆమె 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమే. అంతకుముందే, 1994, 1995లలో ఆమె ప్రపంచ విజేత. అయినా ఒలింపిక్స్‌లో స్త్రీల వెయిట్‌లిఫ్టింగ్‌కు చోటు దొరికింది 2000లోనే. బలం ముందే ఉంది, తలుపు తెరవడమే ఆలస్యమైంది. మన కాలేజీల్లోనూ పరిస్థితి ఇదే.

అయితే పతకాల మాటతోనే సరిపెట్టుకుంటే మోసపోతాం. గేమ్స్ ఫీజు అందరి దగ్గరా వసూలు చేసి, పోటీలకు వెళ్లే పదిమంది మీద ఖర్చుపెడితే మిగతా పిల్లలకు మిగిలేది చప్పట్లు కొట్టడమే. 2023 డిసెంబరులో మొదలైన 'ఆడుదాం ఆంధ్రా'లో మహిళల పోటీలూ జరిగాయి. పోటీలు ముగిసిన మర్నాడు మైదానం ఎవరి చేతిలో ఉంది? మనం అడగాల్సిన ప్రశ్న అది. ఏ బహుమతీ గెలవని అమ్మాయికీ ఆడే హక్కు ఉంది. పెళ్లిచూపుల కోసం సన్నబడమని చెప్పే 'ఫిట్‌నెస్' కాదు మనం కోరేది. తన శరీరం తనదేనన్న ధీమా కావాలి.

"అసలే రక్తం లేని పిల్లలు, ఆటలెందుకు?" అంటారు కొందరు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం మన రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. వారికి పరీక్షలు, ఐరన్ మాత్రలు, కడుపునిండా తిండి ముందు కావాలి. అంతేగాని ఆకలిని సాకుగా చూపి ఆటను కూడా లాక్కోవడం న్యాయం కాదు.

స్త్రీల పట్ల వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని (సీడా) భారతదేశం 1993లో ఆమోదించింది. క్రీడల్లో, వ్యాయామ విద్యలో, వినోదంలో స్త్రీలకు సమాన అవకాశాలు ఉండాలని దాని 10, 13 అధికరణాలు చెబుతున్నాయి. కాబట్టి మనం అడుగుతున్నది దయ కాదు.

ప్రతి కాలేజీలో ఆటల పీరియడ్ తరగతుల వేళల్లోనే, ఊరి బస్సుకు ముందే ఉండాలి. బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి, మహిళా వ్యాయామ అధ్యాపకురాలు ఉండాలి. స్టేడియంలో స్త్రీలకు వేళలు కేటాయించాలి. గేమ్స్ ఫీజులో అమ్మాయిల కోసం ఎంత ఖర్చయిందో నోటీసు బోర్డులో పెట్టాలి. వీటికి కొత్త భవనాలేమీ అక్కర్లేదు. ఈసారి మన కార్యకర్తలు ఏ కాలేజీకి వెళ్లినా ముందుగా టైంటేబుల్ చూపించమని ప్రిన్సిపాల్‌ను అడగాలి.