తాలు గింజల గాదె

ఎంత కరువొచ్చినా మా ఇంట్లో విత్తనాల వడ్లు ముట్టుకోరు. అయితే దాచినంత మాత్రాన మా నాన్న నిశ్చింతగా కూర్చోడు. తొలకరికి ముందు వంద గింజలు లెక్కపెట్టి, నానబెట్టి, తడి గోనెగుడ్డలో చుట్టి పెడతాడు. కొన్నాళ్లకు విప్పి ఎన్ని మొలిచాయో చూస్తాడు. అప్పుడుగాని అవి విత్తనాలని ఒప్పుకోడు. విజ్ఞానశాస్త్రం చదువుతున్న నేను ఈ చిన్న సంగతి మరచిపోయాను. అందుకే ఈ వ్యాసం.

మా విభాగం కంప్యూటరులోని సమాచారానికి ప్రతి శనివారం రాత్రి ఒక నకలు తయారయ్యే ఏర్పాటుంది. దీన్నే బ్యాకప్ అంటున్నాం. సోమవారం వచ్చి అది జరిగిందో లేదో చూసే బాధ్యత నాది. తెరమీద పచ్చ గుర్తు కనిపిస్తే చాలు, పుస్తకంలో సంతకం పెట్టి వెళ్లిపోయేవాణ్ణి. సంక్రాంతి సెలవుల్లో యంత్రం తనంతట తాను ఒక అప్‌డేట్ వేసుకుంది. ఆనాటి నుంచి నకలు తీసే ప్రోగ్రాముకు ఫైళ్లు అందడం మానేశాయి. పచ్చ గుర్తు మాత్రం మానలేదు. మార్చిలో డిస్కు పాడైంది. తీరా చూస్తే తొమ్మిది వారాల నకళ్లు ఖాళీ! మా సీనియర్ అక్క ఒకామె రబీలో రోజూ పొలానికి పోయి కొలిచిన నేల తేమ లెక్కలు ఆ డిస్కులోనే ఉన్నాయి. కాగితం మీద రాసుకున్న కొన్ని మాత్రం మిగిలాయి. పోయిన రబీ మళ్లీ రాదు. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నాకదే ఎక్కువ బాధ.

ఇది మా ఒక్కరి దురదృష్టం అనుకుందామా? కాదు. కాలువ ఎగువన తూము మారిస్తే దిగువ చేలు ఎండుతాయి. నకలు తీసే ప్రోగ్రాములన్నీ దిగువ చేలే. ఎగువనున్న ఆపరేటింగ్ సిస్టమ్ లోపలి దారులు మారితే వీటికి నీరందదు.

2018లో వచ్చిన విండోస్ 10, 1803 వెర్షన్ సంగతి చూడండి. అంతవరకూ రిజిస్ట్రీకి, అంటే యంత్రం అమరికలన్నీ రాసి ఉండే పట్టికకు, విండోసే తనంతట తాను నకలు తీసి ఉంచేది. ఆ వెర్షన్‌తో అది ఆగిపోయింది. రెగ్‌బ్యాక్ అనే ఫోల్డరులో ఫైళ్ల పేర్లు యథాప్రకారం ఉన్నాయి. ఒక్కొక్కదాని పరిమాణం 0 కిలోబైట్లు! డిస్కులో చోటు కలిసిరావడానికి కావాలనే అలా చేశామని మైక్రోసాఫ్టు వివరణ ఇచ్చింది. తాలు గింజలంటే ఇవే గదా! పైకి వడ్లే, లోపల బియ్యం లేదు.

ఆపిల్ వారిది మరో తీరు. 2020 నవంబరులో మాక్ఓఎస్ బిగ్ సర్ వచ్చినప్పుడు, సిస్టమ్ ఉండే భాగాన్ని ఎవరూ మార్చకుండా ముద్ర వేసి మూసేశారు. దాంతో సూపర్‌డూపర్ వంటి బయటి ప్రోగ్రాములు, యంత్రాన్ని నడపగల పూర్తి నకలును పాత పద్ధతిలో తీయలేకపోయాయి. ఇక ఆపిల్ సొంత సాధనమే దిక్కు. 2024 డిసెంబరులో 15.2 అప్‌డేట్‌తో ఆ సాధనమే మొరాయించింది. తాళం మార్చినవారే తాళంచెవి కూడా పోగొట్టారన్నమాట!

ఇక పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేసుంది. దాని నకలు తీసే పీజీ డంప్, తనకన్నా కొత్త ప్రధాన వెర్షన్ సర్వరు ఎదురైతే, నా వల్ల కాదని చెప్పి ఆగిపోతుంది. అప్పటికి చిరాకేస్తుంది నిజమే. కాని అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలని మన పెద్దలు ఊరికే అనలేదు.

అయితే అప్‌డేట్లే వద్దందామా? ఆ మాట నేననను. అవి భద్రతలోని కంతలు పూడుస్తాయి. వద్దని మొండికేయడం చీడ పట్టిన చేనికి మందు కొట్టననడం వంటిదే. ఆపిల్ వేసిన ముద్ర కూడా భద్రత కోసమే. నా అభ్యంతరం మార్పుమీద కాదు, చెప్పకుండా మార్చడంమీద. తూము మార్చేవాడు దిగువ రైతుకు ముందుగా కబురు పెట్టాలి. కొత్త దారి తయారయ్యేదాకా పాత దారి మూయకూడదు. నకలు తీయలేని ప్రోగ్రాము పచ్చ గుర్తు చూపడం అబద్ధమాడటమే.

ఇంతా చెప్పి నా తప్పు దాచుకోలేను. తొమ్మిది సోమవారాలు నేను చూసింది గుర్తునే గాని గింజను కాదు. ఒక్కసారి ఒక్క ఫైలు తెరిచి చూసినా ఆ అక్క కష్టం దక్కేది.

కనుక మన విభాగాలన్నిటికీ నా విన్నపం ఇది. నెలకొకసారి, ప్రతి అప్‌డేట్ తర్వాత తప్పనిసరిగా, నకలులోంచి ఏవైనా పది ఫైళ్లు మరో యంత్రంలో తెరిచి చూడాలి. ప్రాజెక్టులు ముగిసే రోజుల్లో సరిచూసిన నకలు చేతిలో లేకుండా అప్‌డేట్ వేయకూడదు. దీనికి పైసా ఖర్చు లేదు. అరగంట ఓపిక చాలు. అధ్యాపకులు ఆదేశిస్తే ఈ పని చేయడానికి విద్యార్థులం మేమున్నాం.

గాదె నిండుగా ఉందని మురిసిపోకండి మిత్రులారా! గుప్పెడు తీసి, తడిపి, మొలుస్తుందేమో చూడండి.

— బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి