సముందర్ మన మహల్లా దాకా వస్తుంది

"సముందర్‌తో మనకేం పని భాయ్, మనకున్నది మూసీ కదా!" చార్మినార్ గల్లీల్లో ఈ మాట మామూలే.

2020 అక్టోబర్ 13న కాకినాడ దగ్గర తీరం దాటిన వాయుగుండం ఆ రాత్రికల్లా మన షహర్‌ని ముంచింది. ఆ వారంలో అల్ జుబైల్ కాలనీలో, హాఫిజ్ బాబానగర్‌లో ఇళ్లల్లోకి నీళ్లొచ్చాయి. ఆ బారిష్ పుట్టింది బంగాళాఖాతంలో. చెరువులు కబ్జా చేసినవాళ్ల గునాహ్ వేరే ఉంది, దానికి మాఫీ లేదు.

ఆ సముందర్ నబ్జ్ పట్టి చూసే ఇదారా మన షహర్‌లోనే, ప్రగతినగర్‌లో ఉంది. దాని పేరు ఇన్‌కాయిస్. ఆర్గో ఫ్లోట్లు అనే గొట్టాలు వెయ్యి మీటర్ల లోతులో తేలుతూ పోతాయి. పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, పైకొస్తూ నీటి గర్మీ, ఉప్పు కొలిచి శాటిలైట్‌కి ఖబర్ పంపుతాయి. తుఫానుకు తాఖత్ ఇచ్చేది ఆ గర్మీయే. అంతే కాదు, ఆస్మాన్ నుంచి శాటిలైట్లు నీటి వేడి, రంగు చూస్తాయి. పాచి ఉన్నచోటికి చేపలు చేరతాయి కాబట్టి, వల ఎక్కడ వేయాలో జాలర్లకు తెలుగులో కూడా చెబుతున్నారు.

కాకినాడ జాలరికి తన జబాన్‌లో ఖబర్ అందుతుంటే, బాబానగర్ అమ్మీజాన్‌కి వాన హెచ్చరిక ఉర్దూలో ఎందుకు అందకూడదు? జనాజా ఎలాన్, తప్పిపోయిన పిల్లల ఎలాన్ మస్జిద్ మైకులోనే చేస్తాం. "ఈ రాత్రి కింది అంతస్తు ఖాళీ చేయండి" అన్నది కూడా అందులోనే చెప్పొచ్చు. కమిటీ సదర్ సాహెబ్‌లు కార్పొరేటర్‌ని అడగాల్సింది ఇది. తెలుగు హెచ్చరికను ఉర్దూలో రాసిపెట్టే పనికి నేను తయార్.