కువైట్‌కు తొలి ప్రయాణం – చదువుకున్నవారి బాధ్యత

దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. కువైట్ విషయంలో మన ప్రాంతానికి ఈ సామెత చక్కగా వర్తిస్తుంది. ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట ప్రాంతాలు ఈ వలసకు పేరు పొందినవే అయినా, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో కూడ కువైట్ సొమ్ముతో లేచిన మిద్దెలు, జరిగిన పెండ్లిళ్ళు, తీరిన అప్పులు లేకపోలేదు. వెళ్ళవద్దని చెప్పే అధికారం మాకు లేదు. వెళ్ళేవారు ఏమి తెలుసుకొని వెళ్ళాలి, అందులో చదువుకున్న మనం ఎంతవరకు తోడ్పడుతున్నాం అన్నదే మా ప్రశ్న.

కొంతకాలం క్రిందట మాకు తెలిసిన ఒక ఖాలా పులివెందుల నుండి తన పని ఒప్పందం నకలు తీసుకొని మా ఇంటికి వచ్చింది. "బేటా, జీతమెంత రాసినారో రవ్వంత చూసి చెప్పు" అన్నది. ఏజెంటు ఆమెకు చెప్పినది నెలకు నూట పది దినార్లు. జిరాక్సులో ఇంగ్లీషు భాగం చెరిగిపోయి, అరబ్బీ అంకెలు మాత్రమే మిగిలి ఉన్నవి. రెండు నిలువు గీతలు, ప్రక్కనే ఒక చిన్న వలయం. వలయమంటే సున్న అనుకొని, "నిజమే ఖాలా, నూట పదే" అని చెప్పి పంపాము.

మరునాడు ఆ సంగతి విని మా ఉర్దూ శాఖ మిత్రుడు తల పట్టుకున్నాడు. అరబ్బీలో సున్నకు గుర్తు చుక్క, వలయం ఐదు! కాగితంలో ఉన్నది నూట పదిహేను. నెలకు ఐదు దినార్ల తేడా, రెండేండ్ల ఒప్పందానికి 120 దినార్లు. దినారు విలువ 250 రూపాయలకు పైమాటే కనుక, ముప్పై వేల రూపాయలకు మించిన కష్టార్జితం. వెంటనే ఖాలాకు కబురు పంపాము. ఆమె ఏజెంటు నోట పదిహేను పలికించిన తరువాతనే విమానమెక్కింది. ఎమ్మే పట్టా ఉండి మేమే పొరబడితే, అక్షరం రానివారి గతి ఏమిటి?

కనుక తొలిసారి వెళ్ళేవారికి మేము చెప్పదలచినది ముందుగా కాగితం గురించే. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే 1983 నాటి వలసల చట్టం క్రింద ప్రభుత్వ అనుమతి పొందాలి. ఇటువంటి పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి 30 ఏండ్లు నిండి ఉండాలి. "విజిట్ వీసా మీద పోతే చాలు, అక్కడ మార్చుకోవచ్చు" అనే ఏజెంటు మాటను నమ్మరాదు. అనుమతితో వెళ్ళినవారి ఒప్పందం ప్రభుత్వ రికార్డులో ఉంటుంది. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. దొడ్డిదారిన వెళ్ళినవారికి ఈ రెండూ లేవు. రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మాత్రమే. రసీదు అడుగుటకు మొగమాటం కూడదు.

వీసా రకం కూడ తెలిసి ఉండాలి. మనవారు ఖాదిం వీసా అనేది ఇంటిపనికి. షూన్ వీసా అనేది సంస్థలలో పనికి. ఖాదిం వీసాపై పోయి దుకాణంలో పని చేస్తే అక్కడి చట్టానికి దోషులవుతారు. ఇంటిపనివారి కొరకు కువైట్ 2015లో చేసిన 68వ చట్టం ప్రకారం రోజుకు పని 12 గంటలు మించరాదు. వారానికి ఒక దినం విశ్రాంతి, ఏటా జీతంతో సెలవు ఇవ్వాలి. పనివారి సమ్మతి లేకుండా పాస్‌పోర్టును యజమాని తన వద్ద ఉంచుకోరాదు. చట్టంలో ఉన్నదంతా నాలుగు గోడల నడుమ జరుగుతుందని మేము అనము. కాని హక్కు ఉన్నదని తెలియనివారు దానిని అడుగను కూడ లేరు.

ఇక ప్రయాణం. ఇరుగుపొరుగు ఇచ్చిన పొట్లాన్ని విప్పి చూడకుండా పెట్టెలో పెట్టరాదు. మందులకు డాక్టరు చీటీ వెంట ఉండాలి. సౌదీ, ఎమిరేట్స్ దేశాలలో మన మసాలాలోని గసగసాలు సైతం నిషిద్ధం. కువైట్‌కు పోయేవారు కూడ వాటిని మానడమే మేలు. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్ళు, యజమాని ఫోను నంబరు ఒక జత ఇంటి వద్ద ఉంచి వెళ్ళాలి.

అక్కడ దిగిన తరువాత దినారుకు వంద కాదు, వెయ్యి ఫిల్సులని గుర్తుంచుకోవాలి. వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. మన గడియారం కంటె రెండున్నర గంటలు వెనుక. ఆపదలో పిలువవలసిన నంబరు 112. జమ్మలమడుగు ఎండలు చూచినవారమని ధీమా పనికిరాదు. ఆ దేశంలోని మిత్రిబాలో 2016 జులై 21న 53.9 డిగ్రీలు నమోదైనది. జూన్ నుండి ఆగస్టు వరకు పగలు 11 నుండి 4 గంటల దాక ఆరుబయట పని చేయించడం అక్కడ నిషిద్ధం. బస చేసిన భవనానికి మెట్లు ఎటు ఉన్నవో మొదటి రాత్రే చూసుకోవాలి. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కార్మికుల భవనం అగ్నికి ఆహుతి కాగా, 45 మంది భారతీయుల భౌతికకాయాలు రెండు రోజుల తరువాత విమానంలో స్వదేశం చేరినవి. అందులో ముగ్గురు మన ఆంధ్రులు.

విద్యార్థి మిత్రులారా! మీలో ఉర్దూ చదివినవారికి అరబ్బీ లిపి కొత్త కాదు. నాలుగు, ఐదు, ఆరు వంటి అంకెల రూపాలలో ఉన్న తేడాను ఒక్క సాయంత్రంలో నేర్చుకొనవచ్చు. లిపి తెలిసినంత మాత్రాన భాష తెలిసినట్లు కాదు. కనుక తెలిసినంతే చెప్పి, తెలియనిదానికి వలసదారుల సంరక్షణాధికారి కార్యాలయానికి దారి చూపాలి. అదైనా గొప్ప మేలే.

కళాశాల కార్యవర్గానికి మా విన్నపం ఒక్కటే. ప్రతి శనివారం సాయంత్రం ఒక గది, ఒక బల్ల, నలుగురు విద్యార్థులు. మన మూడు ఊళ్ళ నుండి విదేశాలకు వెళ్ళేవారు తమ కాగితాలు తెచ్చి చదివించుకొనే వీలు కల్పించండి. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఆ గది తెరిచిననాడు మొదటి బల్ల వద్ద కూర్చొనుటకు మేము సిద్ధం. అరబ్బీలో ఐదు ఏదో, సున్న ఏదో ఇప్పుడు మాకు తెలుసు.