చేతులతో చదువు చెప్పే కొలువు

రాజధానిలో పనిచేసే రైల్వే, తపాలా ఉద్యోగికి బధిర సంతానం ఉన్నట్లయితే, బదిలీ ఉత్తర్వు అతనికి ఊరి మార్పు మాత్రమే కాదు. బిడ్డకు అర్థమయ్యే భాషలో పాఠం చెప్పగల ఉపాధ్యాయుని పోగొట్టుకొనడం. అటువంటి ఉపాధ్యాయులు ఎంత అరుదో ఆ తల్లిదండ్రులకే తెలుసు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వినికిడి లోపం గలవారు 50 లక్షలకు పైబడి ఉన్నారు.

ఈ కొరత ఊరక వచ్చింది కాదు. 1880లో మిలాన్ నగరంలో సమావేశమైన విద్యావేత్తలు బధిరుల తరగతి గది నుండి సంజ్ఞలను బహిష్కరించాలని తీర్మానించారు. ఆ ప్రతినిధులలో బధిరులు దాదాపు లేరు. కార్మికులు లేని సభ వేతనాలు నిర్ణయించినట్లే ఉన్నది ఈ వ్యవహారం! నాటి నుండి తరతరాల పిల్లలు ఉపాధ్యాయుని పెదవులు చూచి మాటలు పోల్చుకొనవలసి వచ్చింది. పాట, బాట, మాట అనే మూడు పదాలను శబ్దం లేకుండా అద్దం ముందు పలికి చూడండి. పెదవుల కదలికలో తేడా కనిపించదు. చేతి సైగ విలువ రైల్వే కార్మికునికి ఒకరు చెప్పనక్కరలేదు. అయితే మన జెండాలు పలికేది రెండు మూడు మాటలే. బధిరుల సంజ్ఞా భాషకు వ్యాకరణమే ఉన్నది.

ఈ సత్యాన్ని ఢిల్లీ బధిరుల మధ్యనే గ్రహించినవారు శ్రీ మదన్ వశిష్ఠ. హిమాచల్ ప్రాంతపు పల్లెలో 11వ ఏట వినికిడి కోల్పోయి, పొలం పనులు చేస్తూ పెరిగి, ఫోటోగ్రఫీ నేర్చుకొనడానికి ఆయన ఢిల్లీ చేరారు. సంజ్ఞా భాష ఆయనకు అక్కడే అబ్బింది. 1967లో అమెరికాలోని గాలాడెట్ కళాశాలకు వెళ్లి ఉపాధ్యాయుడై, బధిర పాఠశాలలకు అధిపతియై, ఆచార్య పదవి కూడ నిర్వహించారు. 1970 దశకంలో సహచరులతో కలసి ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగుళూరు బధిరుల సంజ్ఞలను పోల్చి చూచి, వాటిలో సుమారు నాలుగింట మూడు వంతులు పరస్పర సంబంధం గలవని తేల్చారు. ఢిల్లీ సంజ్ఞలపై వారి గ్రంథం 1980లో వెలువడింది. ఇంతటి విద్వాంసుడు తన ఉపాధ్యాయ జీవితాన్ని ప్రధానంగా పరాయి దేశంలో గడపవలసి రావడం ఎవరికి నష్టమో పాఠకులే ఆలోచించాలి.

భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం ఢిల్లీలో 2015లో గాని ఏర్పడలేదు. 2018లో 3,000 పదాలతో ఆ కేంద్రం వెలువరించిన నిఘంటువు 2021 నాటికి 10,000 పదాలకు పెరిగింది. సంజ్ఞా భాషా బోధకులుగా బధిరులకే శిక్షణ ఇచ్చే డిప్లొమా కూడ అక్కడ ఉన్నది. ఇది హర్షించదగినదే. కాని శిక్షణ పొందిన వ్యక్తికి కొలువేది? ప్రత్యేక ఉపాధ్యాయులు పునరావాస మండలి రిజిస్టరులో నమోదు కావాలని 1992 నాటి చట్టం శాసిస్తున్నది. అర్హత పట్ల ఇంత పట్టుదల చూపే పాలకులు ఉద్యోగ భద్రత దగ్గర చేతులు ముడుచుకొంటారు. ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, పై తరగతులలో 15 మందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పినది. పోస్టులు మంజూరు చేయండని 2025 మార్చిలో మళ్లీ ఆదేశించవలసి వచ్చినది. ఏళ్ల తరబడి ఒప్పందంపై పనిచేయడమంటే ఏమిటో మనకు తెలియనిది కాదు. చేతి భాష నేర్చిన ఉపాధ్యాయునికి పూర్తి వేతనంతో శాశ్వత ఉద్యోగం కావాలన్న డిమాండు మన డిమాండే.

ఇక మన సభ్యుల సంగతి. వికలాంగ సంతానాన్ని సంరక్షించే కేంద్ర ఉద్యోగిని సాధారణ బదిలీల నుండి మినహాయించాలని 2014లోనే ఉత్తర్వు వెలువడినది. అందులో “పాలనాపరమైన ఇబ్బందులకు లోబడి” అన్న తోక ఒకటి ఉన్నది. ఆ తోకను పట్టుకొనే అర్జీలు తిరస్కరించబడుతున్నవి. ఇబ్బంది ఏమిటో వ్రాతపూర్వకంగా తెలుపకుండా ఏ అర్జీని తోసిపుచ్చరాదని మేము కోరుతున్నాము. పిల్లల విద్యా భత్యం వికలాంగ సంతానానికి రెట్టింపు లభిస్తుందన్న సంగతి కూడ పలువురు సభ్యులకు చేరలేదు.

బధిర సంతానం గల సభ్యుల వివరాలను, తిరస్కరించబడిన బదిలీ అర్జీల నకళ్లను శాఖా కార్యదర్శులు వెంటనే కేంద్ర కార్యాలయానికి పంపవలెనని కోరుతున్నాము. తిరస్కరణకు అధికారులు చూపిన కారణం కాగితం మీద ఉన్నదో, నోటిమాటగా చెప్పినదో తప్పక పేర్కొనవలెను.