జగర్గుండాకు ముందు సంత, తర్వాతే సందర్శకులు

బస్తర్ అభివృద్ధికి పర్యాటకం కొత్త మంత్రంగా మారింది. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2025లో పర్యాటక రంగానికి పరిశ్రమ హోదా కల్పించింది. అదే ఏడాది బస్తర్, సర్గుజా ప్రాంతాలను ప్రధానంగా దృష్టిలో ఉంచుకుని 2025-30 సంవత్సరాలకు హోమ్‌స్టే విధానాన్ని ఆమోదించింది. చిత్రకోట్, తీరథ్‌గఢ్ జలపాతాలు, కుటుంసర్ గుహలు, దంతేవాడ దంతేశ్వరి ఆలయం తెలుగు యాత్రికులకు కొత్తవేమీ కావు. విశాఖపట్నం నుంచి కిరండోల్ రైలెక్కి, లేదా భద్రాచలం నుంచి చింతూరు, కుంట మీదుగా రోడ్డు మార్గాన వెళ్లి వాటిని చూసి వస్తున్నవారు అనేకులు. తుపాకుల మోత తగ్గుతున్న కొద్దీ ఈ విహారయాత్రలు దక్షిణ బస్తర్ లోపలి గ్రామాలకూ విస్తరిస్తాయనడంలో సందేహం లేదు. అయితే సుక్మా జిల్లాలోని జగర్గుండా వంటి ఊరి విషయంలో అంతకంటే ముందు తేలవలసిన ప్రశ్న ఒకటుంది. పొద్దున బయలుదేరి నచ్చిన చోటికి వెళ్లి, సాయంత్రానికి నిర్భయంగా ఇల్లు చేరే అవకాశం మొదట ఎవరికి దక్కాలి?

సుక్మా, దంతేవాడ, బీజాపూర్ జిల్లాలు కలిసే చోట ఉన్న జగర్గుండా మారుమూల పల్లెగా పుట్టలేదు. దోర్నపాల్, అరన్‌పూర్, బాసగూడ వైపు నుంచి వచ్చే మూడు దారుల కూడలి అది. చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు వంటి అటవీ ఉత్పత్తుల వ్యాపారంతో ఒకప్పుడు కళకళలాడిన ఊరు. చుట్టుపక్కల కోయ, దొర్ల గ్రామాల ప్రజలకు అక్కడి వారపు సంతే బజారు, అదే విందు, అదే వినోదం. కావడితో చింతపండు తెచ్చినవాడు ఉప్పు, ఎండుచేపలు, గుడ్డలు కొనుక్కునేవాడు. పెళ్లి సంబంధాలు అక్కడే మాట్లాడుకునేవారు. పొరుగూరి చుట్టాల క్షేమ సమాచారాలు అక్కడే తెలిసేవి. పట్టణవాసి ఆదివారం నాడు సముద్రతీరానికి వెళ్లి పొందే ఉల్లాసం ఏదైతే ఉందో, బస్తర్ గిరిజనునికి దానిని సమకూర్చేది సంత రోజే. సంతలో అతన్ని మోసగించిన వ్యాపారులు లేకపోలేదు. ఉప్పు కొలిచి ఇచ్చి సారపప్పు పట్టుకుపోయిన ఘనులు బస్తర్ చరిత్రలో ప్రసిద్ధులే. అయినా అతను సంత మానలేదు. సంత అతనికి కేవలం బేరసారాల చోటు కాదు కనుక.

2005లో సల్వాజుడుం మొదలైన తర్వాత ఈ జీవితం తలకిందులైంది. జగర్గుండాలో శిబిరం వెలిసింది. ఊరి చుట్టూ ముళ్లకంచె వేశారు. పొద్దుగుంకితే ద్వారాలు మూతపడేవి. కంచె లోపలివారు ప్రభుత్వ పక్షమనీ, వెలుపలివారు మావోయిస్టు పక్షమనీ ఒక గీత గీశారు. ఒకే కుటుంబంలోని అన్నదమ్ములు గీతకు చెరో వైపున ఉండిపోయిన సందర్భాలున్నాయి. మావోయిస్టులు రోడ్లను తవ్వి, మందుపాతరలు పాతి ఊరిని దిగ్బంధించారు. బియ్యం, పప్పు, కిరోసిన్ మోసుకువచ్చే లారీలు ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే, వందలాది జవాన్ల కాపలా నడుమ వచ్చేవి. ఆ వాహన శ్రేణి వెంట దోర్నపాల్ చేరుకున్నవారు తిరిగి రావాలంటే మళ్లీ అటువంటి శ్రేణి కోసమే ఎదురుచూడవలసి వచ్చేది. జిల్లాలు దాటి సంచరించిన వర్తక కేంద్రం ఆరుబయలు కారాగారంగా మారిందని పత్రికలు రాశాయి. ఆ మాటలో అతిశయోక్తి పాలు తక్కువే.

దోర్నపాల్ నుంచి జగర్గుండా దాకా ఉన్న సుమారు 56 కిలోమీటర్ల దారి కోసం చెల్లించిన మూల్యం దేశమంతటికీ తెలుసు. 2010 ఏప్రిల్ 6న ఈ దారికి చేరువలోని తాడ్‌మెట్ల వద్ద 76 మంది జవాన్లు హతులయ్యారు. 2011 మార్చిలో తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం గ్రామాల్లో గిరిజనుల ఇళ్లు బూడిదయ్యాయి. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ వద్ద రోడ్డు పనులకు కాపలా కాస్తున్న సీఆర్‌పీఎఫ్ జవాన్లు 25 మంది బలయ్యారు. ఆ కేసులో నిందితులుగా జైలుకు వెళ్లిన 121 మంది గిరిజనులు దాదాపు ఐదేళ్ల తర్వాత 2022 జూలైలో నిర్దోషులుగా విడుదలయ్యారు. ఈ రోడ్డు మీద ప్రయాణించబోయే సందర్శకునికి కనిపించేది అందమైన అడవి. ఆ అడవిలో ఈ రెండు రకాల కుటుంబాల దుఃఖమూ ఉన్నది.

పరిస్థితి మారుతున్నదన్న వాస్తవాన్ని కాదనలేం. 2006లో మూతపడిన జగర్గుండా పాఠశాల 13 ఏళ్ల తర్వాత 2019లో తిరిగి తెరుచుకుంది. 2001లో దోపిడీకి గురై గ్రామీణ బ్యాంకు మూతపడిన ఊరిలో 2025 మేలో ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకు శాఖ ప్రారంభమైంది. పన్నెండు గ్రామాల్లోని సుమారు 14 వేల మందికి దీనివల్ల ప్రయోజనమని అధికారులు ప్రకటించారు. తునికాకు కూలి డబ్బు తీసుకోవడానికి రెండు రోజులు పాడుచేసుకున్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. బ్యాంకు పని చూసుకుని, సంత చేసుకుని, అదే రోజు ఇంటికి చేరడం ఇక్కడ ఒక తరం మరచిపోయిన అనుభవం.

ఒక రోజు ప్రయాణం ఊరి బతుకును ఎలా మారుస్తుందో తెలుసుకోవడానికి చాలా దూరపు ఉదాహరణ ఒకటి ఉపకరిస్తుంది. స్కాట్లాండ్ తూర్పు తీరంలోని ఫైఫ్ ప్రాంతంలో లెవెన్ అనే పట్టణం ఉంది. ఎడింబరో వాసులు ఒక పూట గాలి మార్పు కోసం వెళ్లే తీర పట్టణాలకు అది ముఖద్వారం. నష్టాల పేరిట 1969లో అక్కడికి ప్రయాణికుల రైలును ఆపేశారు. విచిత్రమేమంటే, అదే తీరంలోని ఆన్‌స్ట్రథర్‌లో మత్స్యకారుల జీవితాన్ని చూపే ప్రదర్శనశాల వెలిసింది కూడా 1969లోనే. రైలు పోయింది, ప్రదర్శనశాల మిగిలింది. స్థానికులు ఏళ్ల తరబడి ఉద్యమించగా 55 ఏళ్ల తర్వాత 2024 జూన్‌లో లెవెన్‌కు రైలు తిరిగి వచ్చింది. ఆ ఉద్యమంలో వినిపించిన ప్రధాన వాదన విహారయాత్రికుల సౌకర్యం కాదు. ఉద్యోగానికి, కళాశాలకు, ఆసుపత్రికి వెళ్లిరావలసిన ఊరివాళ్ల అవసరం. సందర్శకులు ఆ రైలులోనే వస్తారు, అది వేరే సంగతి. రైలుకూ అడవి రోడ్డుకూ, శాంతియుత దేశానికీ యుద్ధభూమికీ పోలిక లేదు. వరుస క్రమం మాత్రం ఒకటే.

ఈ క్రమం తప్పితే ఏమవుతుందో తెలుగువారికి వేరే చెప్పనవసరం లేదు. అరకు, బొర్రా గుహలు ఏటా లక్షల మందిని ఆకర్షిస్తున్నాయి. కొండవాలు హోటళ్ల ముందు థింసా నృత్యం గంటల లెక్కన అమ్ముడవుతోంది. నర్తించే స్త్రీలకు దక్కేది ఎంత, హోటలు యజమానికి దక్కేది ఎంత అన్న లెక్క ఎవరూ అడగరు. బొర్రా ప్రాంతంలోని గనుల లీజులపై నడిచిన సమతా కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గనులను అడ్డుకోగలిగింది గాని, వినోదం పేరిట సాగే ఇటువంటి వ్యాపారాన్ని నియంత్రించే ఆయుధం గిరిజనుల చేతికి రాలేదు. అండమాన్‌లో జరావా స్త్రీలను పర్యాటకుల ముందు ఆడించిన దృశ్యాలు 2012లో బయటపడినప్పుడు దేశం తలదించుకుంది. సంత రోజున జగర్గుండాలో ఆకుదొప్పల్లో జీలుగు కల్లు తాగుతున్న వృద్ధుడి ముఖానికి ఎదురుగా కెమెరా పెట్టడం స్థాయిలో చిన్నదే కావచ్చు, స్వభావంలో వేరు కాదు.

పర్యాటకమే వద్దనడం దీని తాత్పర్యం కాదు. కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనంలోని ధుడ్‌మరాస్ గ్రామాన్ని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో ఉత్తమ పర్యాటక గ్రామాల అభివృద్ధి కార్యక్రమానికి ఎంపిక చేసింది. అక్కడ నదిలో వెదురు తెప్పలు నడిపేది ఊరి యువకులే. వచ్చిన అతిథికి భోజనం పెట్టేదీ ఊరివాళ్లే. ఆ గ్రామం ఎవరి ముళ్లకంచెలోనూ ఉండలేదు కనుక తన షరతులతో అతిథిని పిలవగలిగింది. నిన్నటి దాకా ఊరి ద్వారం తాళం కూడా తన చేతిలో లేని జగర్గుండాను ఆ స్థానంలో ఊహించుకుని ప్రణాళికలు రాయడం తొందరపాటు.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీరాజ్‌ను విస్తరింపజేసిన 1996 నాటి పెసా చట్టం గ్రామ సంతల నిర్వహణాధికారాన్ని గ్రామసభలకూ పంచాయతీలకూ అప్పగించింది. ఛత్తీస్‌గఢ్ తన నియమావళిని రూపొందించడానికి 2022 దాకా కాలం పట్టిందంటే పాలకుల శ్రద్ధ ఏపాటిదో అర్థమవుతుంది. ఇప్పుడైనా ఆ అధికారాన్ని జగర్గుండా సంతతో ప్రారంభించవచ్చు. తూకాలు ఎవరు సరిచూడాలి, బయటి వ్యాపారి వద్ద ఎంత రుసుము వసూలు చేయాలి, సందర్శకులను ఏ రోజుల్లో రానివ్వాలి, ఫొటోలకు అనుమతి ఎవరివ్వాలి అన్నవి గ్రామసభ తీర్మానించవలసిన అంశాలే తప్ప రాయ్‌పూర్‌లో తయారయ్యే ప్రచార పత్రాల్లో తేలేవి కావు. భద్రతా శిబిరాలు ఉన్నంత కాలం గ్రామసభ స్వేచ్ఛగా కూర్చుని నిర్ణయించగలదా అన్న అనుమానం సహేతుకమైనదే. అందుకే సంతకు వెళ్లే గిరిజనులను దారిలో ఆపి సోదా చేసే పద్ధతిని సడలించడం మొదటి మెట్టు కావాలి.

విహారం మాట వచ్చింది గనుక, దానికి అందరికంటే ముందు వరుసలో నిలబడవలసినవారు గోదావరికి ఇటువైపున ఉన్నారు. సల్వాజుడుం రోజుల్లో దక్షిణ బస్తర్ గ్రామాలు వదిలి వేల మంది నాటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చారు. ఇక్కడివారు వారిని గుత్తికోయలన్నారు. మిరప చేలల్లో కూలికి వెళుతూ, పోడు భూముల విషయంలో అటవీ శాఖతో తగాదాలు పడుతూ, ఎస్టీ ధ్రువపత్రాలు దక్కక పిల్లలను చదివించుకోలేక ఇరవై ఏళ్లు గడిపారు. చింతూరు దాటితే కుంట, ఆ తర్వాత దోర్నపాల్, అక్కడి నుంచి జగర్గుండా. రోడ్డు సరిగా ఉంటే వారి ఊరు ఒక పూట ప్రయాణం. పండగ నాడు వెళ్లి, పెద్దల రాళ్లకు మొక్కి, మిగిలిన చుట్టాలను చూసి రావాలనుకునేవారు వారిలో లేకపోరు. కాని వెళ్లినవారికి పాత కేసుల భయం ఉండరాదు. వదిలివచ్చిన భూమి ఎవరి పేరున ఉన్నదో చెప్పే పట్వారీ అందుబాటులో ఉండాలి. ఉండిపోదలిస్తే రేషన్ కార్డు, తిరిగి రాదలిస్తే ఇక్కడ గుర్తింపు లభించాలి. ఇది హోమ్‌స్టే విధానం పరిధిలోకి రాదు. ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల రెవెన్యూ, గిరిజన సంక్షేమ శాఖలు ఒకచోట కూర్చుని గ్రామాల వారీగా జాబితాలు సిద్ధం చేయవలసి ఉంది.